డాక్ ఎడిషన్, నాలుగో పేజీ

1979 సెప్టెంబర్ 5, ఉదయం ఎనిమిది. జహీరాబాద్ బస్టాండ్ వెనక సంగప్ప శవం దొరికింది. సంగప్ప ఇంటెలిజెన్స్ కొరియర్. అతని బూటు మడమలో పోస్టుకార్డంత అట్ట ఉంది. దానికి ఏడు కిటికీలు కోసి ఉన్నాయి.

అట్ట ఏజెంట్ విరూపాక్ష చేతికి వచ్చింది. అల్లం దళారీ వేషంలో అతను తెల్లవారుజామునే హైదరాబాద్‌లో పేపర్ కొనుక్కుని బస్సెక్కి వచ్చాడు. బస్టాండ్ ఎదుటి హోటల్లో నల్లకళ్ళద్దాల తారాబాయి ఎదురుచూస్తోంది. విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి. ఆ అట్ట సంగప్పకు ఇచ్చింది ఆమే.

"అల్లం ఎట్లిస్తున్రు?"

"పచ్చిదా, ఎండుదా?"

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"ఒక బస్సుల బాంబు వెట్టిన్రు. తొమ్మిదింటికి పేలుతది. ఏ బస్సో ఇయ్యాల్టి పేపర్ల, నాలుగో పేజీ ప్రకటనలల్ల ఉంది. అట్ట వెట్టి సదువు."

"అన్ని బస్సులు ఆపిస్త."

"మూడు అప్పుడే రోడ్డెక్కినయి. వాటినెట్ల ఆపుతవ్?"

విరూపాక్ష పేపర్ తీసి అట్ట పరిచాడు. కిటికీల్లో 'వరుడు', 'కుక్కర్', 'మొలలు' కనిపించాయి. జరిపాడు. తిప్పాడు. మిగతా పేజీలన్నీ చూశాడు. ఎక్కడా మాట కుదరలేదు. ఎనిమిదీ నలభై.

బల్ల కింద పిస్టల్ ఆమె మోకాలికి తగిలింది.

"సంగప్పకు దొంగ అట్ట ఇచ్చినవా?"

"కాల్చు. బాంబైతే ఆగదు."

పక్క బల్ల దగ్గర కిరాణా మహాదేవప్ప తన పేపర్ విసిరికొట్టాడు. "లండన్ల క్రికెట్ ఆట ఏమైందో రాయనే లేదు! సగం వార్తకు పూరా పైసలా?"

విరూపాక్ష తన పేపర్ చూశాడు. మొదటి పేజీలోనే ఉంది: మ్యాచ్ డ్రా.

తనది సిటీ ఎడిషన్. ఈ ఊరికి వచ్చేది డాక్ ఎడిషన్, ఆట ముగియకముందే అచ్చయ్యేది. అందులో ప్రకటనల వరస వేరు.

మహాదేవప్ప పేపర్ లాక్కున్నాడు.

"ఓ సేటూ, అడిగితే ఇయ్యనా? గుంజుకుంటవేంది!"

కిటికీల్లో ఏడు మాటలు నిలిచాయి. బీదర్. బస్సు. మీద. అల్లం. బస్తా. ఎర్ర. తాడు.

బీదర్ బస్సు గేటు దాటుతోంది. విరూపాక్ష పరుగెత్తి వెనక నిచ్చెన పట్టుకున్నాడు. టాపెక్కి ఎర్ర తాడు కోశాడు. అల్లం కింద గడియారం, తొమ్మిదికి ఒక నిమిషం తక్కువ. వైరు తెంపాడు. ముల్లు ఆగింది.

బస్సు తొమ్మిదిన్నరకు బీదర్ బయలుదేరింది. తారాబాయి అందులోనే వెళ్ళింది. ఆ బస్తాకు లగేజీ టికెట్ కొట్టనందుకు మర్నాడు కండక్టర్‌కు మెమో అందింది.