వెలుతురు తిన్న ఫిలిం

"ఓ కెమెరా అయ్యా! కాళ్ళ కింద ఏమున్నయో జర చూసుకుంటవా?"

రూతు అరుపుకు డోర్నకల్ పెద్ద గుడి గుమ్మటం మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. గుడి ముందు బండల మీద ఎండబోసిన మిరపకాయల నడుమ, మూడు కాళ్ళ కర్రను నిలబెట్టబోతున్న పిల్లగాడు బిక్కచచ్చిపోయాడు.

"చూస్తున్న. మస్తు ఎర్రగున్నయి."

"నేనడిగింది రంగు కాదు. ఎవలయి తొక్కినవో తెలుసా?"

"ఎవలయి?"

"మాయి. ఘాటు తెల్వాల్నా?"

"తెలుస్తనే ఉన్నది" అంటూ వరుసపెట్టి తుమ్మాడు పిల్లగాడు. రూతు నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వు విని గుడి వసారాలో ఊడుస్తున్న మరియమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. మిషన్ బడిలో పిల్లలకు చదువు చెప్పే తన బిడ్డ కొత్తవాళ్ళతో ఇట్లా నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు. అసలే రోజులు బాగా లేవు. పగలు మిలిటరీ, పొద్దుగూకితే కమ్యూనిస్టు దళం. కొత్త మనిషి కనబడితే దళంవాడని వీళ్ళు పట్టుకుంటారు, పోలీసులకు చెప్పేవాడని వాళ్ళు పట్టుకుంటారు. వీడి చేతిలో కెమెరా కూడానాయె!

"ఎవలు బిడ్డా నువ్వు? ఏ ఊరు? ఎవలు పంపిన్రు?" ఒక్క గుక్కలో అడిగింది.

"జనగామ, పెద్దమ్మా. నా పేరు సాంసన్. సదానందం సేటు స్టూడియోల పనిచేస్త. దుకాణం అద్దంల పెట్టనీకి గుడి ఫోటో తెమ్మన్నడు."

"మా అమ్మ నీకు పెద్దమ్మయితే నేను చెల్లెనయిత గద, అన్నా?" అంది రూతు.

సాంసన్ నాలుక కరుచుకున్నాడు. "కాదు కాదు! అత్తా! తప్పయింది అత్తా!"

ఆ తొందర చూసి మరియమ్మకు రెండో దడ పట్టుకుంది.

కెమెరా వాడి కంటే వయసులో పెద్దది. కమ్మరి కొలిమి దగ్గరుండే తిత్తిలాగా మడతలు మడతలుగా ముందుకు సాగుతుంది. రైల్వేలో పనిచేసిన ఇంగ్లీషు దొర ఒకడు పోతూ పోతూ సేటుకు అమ్మిపోయాడట. దాన్ని కర్ర మీద బిగించి సాంసన్ తలెత్తి గుడిని చూశాడు. మసీదు మీద ఉన్నట్టు గుమ్మటాలు, కోవెలలో ఉన్నట్టు రాతి స్తంభాలు, అన్నిటికీ పైన సిలువ.

"అబ్బ! ఇంత గుడి ఎవలు కట్టిచ్చిన్రు? దొరలా?"

"మా అమ్మ" అంది రూతు.

"పరాచికాలా?"

"నిజం. అడుగు."

మరియమ్మ కొంచెం సిగ్గుపడింది. గుడి లేస్తున్నన్నేళ్ళూ వండే ప్రతి పూటా, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది ఆమె. ఆమె ఒక్కతే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో సంఘపు ఆడవాళ్ళందరూ వేసేవారు. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి చేరేవి.

"ఇంటిల్లిపాది గంజి తాగిననాడు గూడ ఆ కుండల పిడికెడు పడ్డది బిడ్డా. తప్పలే" అంది. అంటున్నప్పుడు ఆమె మెడ దానంతటదే నిటారుగా నిలబడింది.

సాంసన్ కాసేపు ఆమె చేతుల వైపే చూశాడు.

మధ్యాహ్నం దాకా టిక్కు టిక్కుమని ఫోటోలు తీశాడు. చివరికి కెమెరాను స్తంభానికి ఆనుకుని నిలబడ్డ రూతు వైపు తిప్పాడు. రూతు జడ సర్దుకుంది. మరియమ్మ చూడనే చూసింది. మిలిటరీవాళ్ళు ఫోటోలు చూపించి మనుషులను తీసుకుపోతున్నారని అంగట్లో విన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. తన బిడ్డ మొఖం ఎవరి చేతుల్లోకి పోతుందో!

"గుడికొచ్చిన మనిషి పస్తు పోతడా?" అని ఆమె భర్త రాజలింగం సాంసన్‌ను ఇంటికి తీసుకుపోయి అన్నానికి కూర్చోబెట్టాడు.

"పచ్చడెట్లున్నది పిలగా?"

"పొద్దున తొక్కిన కాయలే గద మామా. పగ తీర్చుకుంటున్నయి."

లోపల నవ్వులు. అరుగు మీద సాంసన్ సంచి. మరియమ్మ అందులోంచి ఫిలిం చుట్ట తీసుకుని, కత్తిపీట పట్టుకుని ఇంటి వెనక్కి నడిచింది. బిడ్డ బొమ్మ ఉన్న ముక్క కోసేస్తే చాలు, తక్కినదంతా వాడికే. నల్లకాగితం విప్పి, లోపలి పట్టీని ఎండకెత్తి చూసింది. రూతు లేదు. గుడీ లేదు. అంతా మసక బూడిదరంగు.

హమ్మయ్య అనుకుంది. కోపం కూడా వచ్చింది. చుట్ట పట్టుకుని లోపలికొచ్చింది.

"ఇగో, చూడున్రి! పొద్దంత టిక్కు టిక్కుమని మనల్ని పిచ్చోళ్ళను జేసిండు. ఇండ్ల ఒక్క బొమ్మ లేదు!"

సాంసన్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"మందుల కడిగెదాక ఎండ సోకొద్దు అత్తా" అన్నాడు మెల్లగా. "వెలుతురు తిన్నది."

"ఎందుకు తెరిచినవే అమ్మా?" అంది రూతు.

"నీ బొమ్మ కోసేద్దామని!"

"రూతు బొమ్మ అండ్ల లేదు అత్తా. మిమ్ముల అడగకుంట ఎట్ల తీస్త? కెమెరా అద్దంలకెళ్ళి చూసిన, గంతే. చూసేదానికి ఫిలిం ఖర్చు గాదు గద."

మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళిన రూతు ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చింది.

సాయంత్రం బండికి సాంసన్ వెళ్ళిపోయాడు. "నా చెయ్యి జారిందని చెప్త సేటుకు. మీరు పరేషాన్ గాకుండ్రి" అని మరియమ్మతో అన్నాడు. "వస్త" అన్న మాట మాత్రం రూతును చూసి అన్నాడు.

రాలేదు. ఒక ఆదివారం పోయింది, ఇంకొకటి పోయింది. పీడ విరగడయిందని మరియమ్మ సంతోషపడాలి. కానీ రైలు కూసినప్పుడల్లా ఆమె వాకిట్లోకి వస్తోంది. కేసముద్రం స్టేషన్లో తనిఖీలట. పిల్లగాడిని పట్టుకున్నారేమో. ఆ మూడు కాళ్ళ కర్రను తుపాకీ అనుకున్నారేమో. సేటు వెళ్ళగొడితే ఏ చెట్టు కింద పడుకున్నాడో, తిన్నాడో లేదో.

ఇన్నాళ్ళూ ఆమె ఇట్లా భయపడింది మొగుడి కోసం, బిడ్డ కోసం. ఇప్పుడు ఇంకొకడు వచ్చి చేరాడు. ఆ సంగతి తెలిసిరాగానే బియ్యం చెరుగుతున్న చాటను కింద పెట్టేసింది.

"రూతూ, చీర మార్చుకో. జనగామ పోదాం."

"ఎందుకే?"

"అడగకుంట రా."

వాళ్ళు వెళ్ళేసరికి సాంసన్ స్టూడియో ఊడుస్తున్నాడు. కెమెరా బీరువాలో ఉంది, తాళంచెవి సేటు మొలలో ఉంది.

"చెయ్యి జారెటోనికి నేను కెమెరా ఇయ్య" అన్నాడు సదానందం సేటు.

"పిల్లగాని చెయ్యి జారలే సేటూ. నేను తెరిచిన. నా తప్పు నెత్తిన బెట్టుకున్నడు." మరియమ్మ సేటుకు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ గుడి గోడలల్ల నా పిడికిళ్ళున్నయి. దాని బొమ్మను నా చేతులతోనే ఖరాబు జేసిన. ఇంకొక్క ఫిలిం ఇయ్యి. నిలబడి తీయిస్త."

సేటు ఆమెనూ, చీపురు వెనక దాక్కున్నట్టు నిలబడ్డ సాంసన్‌నూ, నేల చూపులు చూస్తున్న రూతునూ మార్చి మార్చి చూశాడు. బీరువా తీశాడు.

"హైద్రాబాద్‌ల గూడ దొరుకుతలేదు, ఇదే ఆఖరుది. సాంసన్, జర ఈ అమ్మకు దూరంగ పట్టుకో."

ముగ్గురూ కలిసే రైలెక్కారు. కేసముద్రంలో అనుకున్నంతా అయ్యింది. మిలిటరీ జవాను ఒకడు డబ్బాలోకి వచ్చి మూడు కాళ్ళ కర్రను లాగాడు, కెమెరాను లాగాడు. సాంసన్‌ను రెక్క పట్టుకుని లేపాడు.

"యే క్యా హై? తూ కౌన్ హై?"

రూతు తల్లి కొంగు పట్టుకుంది. ఆ కొంగు విదిలించుకుని మరియమ్మ ఇద్దరి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"మేరా దామాద్!" అని అరిచింది. "మేరా అల్లుడు! హమారా గుడికా ఫోటో తీయనీకి ఆరా!"

జవాను సాంసన్‌ను చూశాడు, రూతును చూశాడు. "శాదీ కబ్ హుయీ?" అన్నాడు, పెళ్ళెప్పుడయిందని.

"అగ్లే మహీనే! వచ్చే నెల!"

డబ్బా అంతా ఒక్కసారి గొల్లుమంది. జవాను కూడా నవ్వి, రెక్క వదిలి, కర్రను సాంసన్ చేతికిచ్చి దిగిపోయాడు.

బండి మానుకోట స్టేషన్ దాటింది. సాంసన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాడి చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా" అంది రూతు చివరికి. "భయపడి అన్నవా?"

"భయపడే అన్న. అయితే ఏంది?" మరియమ్మ చెమట తుడుచుకుంది. "భయమైనప్పుడు నాకు అబద్ధం రాదు. వద్దంటే ఇప్పుడే చెప్పు, గార్ల టేషన్ల దించేస్త."

"నన్నా, ఆయన్నా?"

"ఇద్దర్ని!"

కిటికీ దగ్గర్నుంచి సన్నగా నవ్వు వినబడింది. రూతు వద్దనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పిడికిలి బియ్యం వేసిన ఆడవాళ్ళందరూ గుడి ముందు నిలబడ్డారు. మరియమ్మ ముందు వరుసలో, సరిగ్గా నడుమ. "నేను చెప్పెదాక ఎవలు గూడ కదలొద్దు" అన్నాడు సాంసన్. మరియమ్మ ఊపిరి బిగబట్టింది. అప్పుడే స్టేషన్ వైపు నుంచి ఏదో జీపు చప్పుడు. ఆమె గిర్రున తల అటు తిప్పింది. టిక్కుమంది.

పెళ్ళి ఆ గుడిలోనే, జవానుకు చెప్పిన నెలలోనే అయ్యింది. ఫోటో జనగామ దుకాణం అద్దంలోకి ఎక్కింది. బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు మరియమ్మ దాని ముందు నిలబడింది. గుడి రాయి రాయి లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ఆడవాళ్ళ ముక్కుపుల్లలు కూడా కనబడుతున్నాయి. నడుమ మాత్రం తలకాయ ఉండాల్సిన చోట పొగ.

"గీ పొగలెక్కున్నది ఎవలు?" అని బజారున పోయేవాడెవడో అడిగాడు.

"నేనే" అంది మరియమ్మ, తల ఎత్తి.

సాంసన్ నొచ్చుకున్నాడు. "కొత్త ఫిలిం వచ్చింది అత్తా. మళ్ళ తీస్త. ఈసారి కదలకుండ్రి."

ఆమె అద్దానికి ఇంకొంచెం దగ్గరగా జరిగి, కింది మెట్టు నుంచి పై సిలువ దాకా చూసుకుంది.

"వద్దు బిడ్డా. నేను కదిలితె కదిలిన. గుడి కదల్లే గద."