ఇరుక్కున్న ఇత్తడి తొడుగు

బద్వేలు బజారులో వైర్‌లెస్ ఆపరేటర్ సుంకన్నను పట్టపగలు కాల్చి చంపారు. హంతకుడు మిద్దె మీది నుంచి కాల్చాడు. పారిపోయే ముందు వంగి, రైఫిల్ లోంచి ఊడిపడిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగును ఏరుకుని మరీ పోయాడు.

"మనిషిని చంపి, చిత్తు కాగితాలు ఏరుకున్నట్టు ఇత్తడి ఏరుకున్నాడా?" ఏజెంట్ ఉరుకుందు అత్తరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

కడప ట్రావెలర్స్ బంగళాలో బ్రీఫింగ్. సంవత్సరం 1942. బల్లకు అవతల మద్రాసు నుంచి వచ్చిన చీఫ్.

"యుద్ధం వచ్చాక ఆ జర్మన్ రైఫిల్‌కు తూటాలు దొరకడం లేదు. కాల్చిన తొడుగుల్లోనే మళ్లీ మందు కూరుతున్నారు. చాలా మటుకు చిట్లిపోయాయి. ఇప్పుడు మిగిలినవి రెండే."

"ముఠా నాయకుడు?"

"డాక్టర్ ఫాల్క్. స్విట్జర్లాండ్ జియాలజిస్టునని చెప్పుకుంటాడు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో షెడ్డు పెట్టాడు."

"తర్వాతి టార్గెట్?"

"హజరత్ వలి."

చేతిరుమాలు ముక్కు మీది నుంచి జారింది. కోయిలకుంట్ల బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న వలి! ఇప్పుడు శత్రువుల కోడ్‌లు విప్పే వలి!

"మహర్నవమి నాడు అతని రైలు గనుల పక్క స్టేషన్లో నీళ్లకు ఆగుతుంది. అతను టీ కోసం దిగుతాడు. షెడ్డు కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం అంతా కనబడుతుంది."

"దిగొద్దని చెప్పండి సార్."

"చెబితే వాళ్ల కోడ్ మనకు చిక్కిందని వాళ్లకు తెలిసిపోతుంది. రైఫిల్ ఎక్కడ దాచాడో మనకు తెలియదు. ఆ రోజే బయటికి తీస్తాడు. తియ్యనియ్యి, కాల్చనియ్యకు."

ఫిట్టర్ ఏసన్న వేషంలో ఉరుకుందు షెడ్డులో చేరాడు. చేరిన పూటే, ఈ ఉద్యోగం కన్నా అడుక్కుతినడం నయమనిపించింది.

కాల్చిన తొడుగు ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ కొలతకు తేవాలంటే డై అనే ఉక్కు అచ్చులోకి లివరుతో నొక్కాలి. జిడ్డు పూయకుండా నొక్కితే ఇత్తడి ఉక్కును కరుచుకుంటుంది, ఇక ఊడదు. అందుకు ఫాల్క్ ఎంచుకున్నది గొర్రె ఉన్ని జిడ్డు. కడగని ఉన్నిని పేడతో, పిడుదులతో సహా గూన అనే పెద్ద బానలో ఉడకబెట్టి, పైకి తేలిన పచ్చటి మడ్డిని తీసే పని ఏసన్నది. రోజుకు రెండు మార్లు స్నానం చేసే ఉరుకుందుకు ఆ కంపు జుట్టులో చేరింది, గోళ్లలో చేరింది, చివరికి తినే సంగటిలో కూడా చేరింది.

ఫాల్క్‌కు మాత్రం అది పన్నీరు. రెండు వేళ్ల మధ్య రాసి చూసుకుని మురిసిపోయేవాడు. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడేమో, పుస్తకం లాగే మాట్లాడేవాడు.

"చూడుము ఏసన్నా," అని గడియారం గొలుసుకు వేలాడే తొడుగును చూపించాడు ఒకనాడు. "ఇది బద్వేలులో ఒకనిని చంపినది. మరల ఇంకొకనిని చంపును. పొదుపు గొప్ప సుగుణము."

ఉరుకుందు గూన వైపు తిరిగి మడ్డి కలిపాడు. గూనలోని కంపు నయం, అది గొర్రెది. వీడిది మనిషి కంపు.

ఫాల్క్ దగ్గర తమ మనిషి ఇంకొకరు ఉన్నారని చీఫ్ చెప్పాడు. గుర్తుపట్టడానికి మద్రాసులో కూర్చుని కోడ్‌వర్డ్ తయారు చేశారు. "వాన పడేట్టుందే?" అని అడగాలి. "ఈ సీమలో వానా?" అని జవాబు రావాలి. ఉరుకుందు అడిగితే కాపలావాడూ అదే జవాబు చెప్పాడు, గొర్రెలకాపరీ అదే చెప్పాడు, షెడ్డు మేస్త్రీ మద్దయ్య అయితే చెప్పి నవ్వాడు కూడా. మద్రాసు తెలివిని ఉరుకుందు మనసులోనే తిట్టుకున్నాడు.

చివరికి ఫాల్క్ కారులోంచి మిస్ కాంచన దిగింది. నాటకాల కంపెనీ హీరోయిన్, ఫాల్క్ ప్రియురాలు. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, గజం దూరం నుంచే సెంటు గుప్పుమంది. ఆమె కూడా "ఈ సీమలో వానా?" అంటే ఉరుకుందు అనుమానంగా చూశాడు.

"నేనేనప్పా, నమ్ము!" గొంతు తగ్గించేసరికి నాటకం భాష ఎగిరిపోయింది. "నా పేరు భీమమ్మ. రెండో తొడుగు నా కొప్పులో ఉండాది. వాడు నన్ను తప్ప ఎవుర్నీ నమ్మడు. దాని సంగతి నేను చూసుకుంటా. గొలుసుకుండేది నువ్వు చూసుకో. వాని కోటు జేబులో పిస్తోలు ఉంటాది, భద్రం." ముక్కు మూసుకుంది. "అబ్బ, ఏం కంపు కొడతాండావప్పా!"

మహర్నవమి వచ్చింది. ఆయుధపూజ రోజు.

మద్దయ్య తెల్లవారే షెడ్డుకు లోపలి నుంచి గడియ పెట్టి, సుత్తులూ, డ్రిల్లులూ, రెంచీలూ అన్నీ చింతపండుతో తోమి, పీట మీద వరసగా పేర్చి, విభూతీ కుంకుమా పెట్టాడు. సాయం చేస్తున్న ఉరుకుందు డైని చేతికిచ్చాడు.

"మద్దన్నా, మనకు కూడు పెట్టేది ఇదే. లోపల గూడా బాగా పూయి."

"అవునప్పా, శానా మంచి మాట." మద్దయ్య వేలు లోపలికి పెట్టి విభూతి దట్టంగా మెత్తాడు.

పూజ ముగిసి తలుపు తెరిచేసరికి బయట కాచుకున్న ఫాల్క్ మొహం కందగడ్డ అయింది. రైలు దగ్గరికొచ్చే వేళయింది. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, గోడ సందులోంచి రైఫిల్ తీసి కిటికీ దగ్గర పెట్టాడు. డై మీది కుంకుమ చూసి, "అనాగరికులు!" అని పైపైన తుడిచేశాడు. గొలుసుకున్న తొడుగు తీసి, స్వయంగా జిడ్డు పూశాడు.

"నొక్కుము!"

ఉరుకుందు లివరు నొక్కాడు. తొడుగు కిర్రుమంటూ లోపలికి పోయింది. వెనక్కి లాగితే రాలేదు; లోపలి విభూతి జిడ్డునంతా పీల్చేసుకుంది. బలంగా లాగితే అంచు తెగి ఊడింది, తొడుగు డైలోనే ఉండిపోయింది. ఉరుకుందుకు ప్రాణం లేచొచ్చింది.

ఫాల్క్ మాత్రం నవ్వాడు. "ఇది చిన్న సమస్య. అడుగున రంధ్రము చేసి, మర కోసి, బోల్టు బిగించి లాగిన వచ్చును. ఆ తొడుగు పోవును గాని, నా యొద్ద వేరొకటి కలదు. డ్రిల్లు ఇమ్ము!"

మద్దయ్య పీటకు అడ్డం నిలబడ్డాడు. "ఈ పొద్దు ముట్టగూడదు దొరా. పూజలో ఉండాయి. రేపు తీసిస్తా."

ఫాల్క్ అతన్ని ఒక్క తోపు తోసి డ్రిల్లు లాక్కున్నాడు. పూలు చెల్లాచెదురయ్యాయి. రంధ్రం చేశాడు, మర కోశాడు, బోల్టు బిగించాడు. దూరంగా రైలు కూత వేసింది. టక్కుమని తొడుగు ఊడివచ్చింది. విభూతి బురదను గుడ్డతో తుడిచి, ఫాల్క్ చెయ్యి చాపాడు.

"కాంచనా! రెండవది!"

ఆమె కొప్పు విప్పి దులిపింది. మల్లెపూలు తప్ప ఏమీ రాలలేదు.

"ల్యాదప్పా. బాయిలో పారేసినా."

ఫాల్క్ కొక్కేనికున్న కోటు మీదికి దూకి జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. పిస్తోలు పూజ పీట మీద, సుత్తికీ రెంచీకీ మధ్య, మూడు విభూతి పట్టెలతో, నెత్తిన బంతిపూవుతో కూర్చుని ఉంది.

"అది గూడా ఆయుధమే గదా దొరా, నువ్వు డ్రిల్లు కొట్టేటప్పుడు తీసి పెట్టినా," అన్నాడు మద్దయ్య నడుము పట్టుకుని. "దానికి పూజ ల్యాకుంటే ఎట్ల?"

ఫాల్క్ పీట వైపు తిరిగాడు. ఉరుకుందు లివరు ఊడబెరికి, ఇన్నాళ్ల అసహ్యమంతా చేతుల్లోకి తెచ్చుకుని, ఒక్కటి వేశాడు. ఫాల్క్ జిడ్డు గూనలోకి తలకిందులుగా పడ్డాడు. అతన్ని బయటికి లాగి సంకెళ్లు వెయ్యడానికి మాత్రం ఎవరూ త్వరపడలేదు.

ఉరుకుందు స్టేషనుకు పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం మీద హజరత్ వలి నిలబడి, ప్రాణాలతో, తాపీగా, టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. ఉరుకుందుకు కళ్లు చెమ్మగిల్లాయి. చెప్పకూడదు, పలకరించకూడదు. ఊరికే పక్కన నిలబడ్డాడు.

మాసిన గడ్డంలో పాత స్నేహితుణ్ణి వలి గుర్తుపట్టలేదు. చటుక్కున ముక్కు మూసుకున్నాడు.

"యాడినుంచి వస్తాండావప్పా? గొర్రెల దొడ్లో పండుకున్యావా ఏంది? రవంత అవతల నిలబడు, నీకు పున్నెముంటాది. ఈడ ఊపిరాడక సచ్చేట్టుండా!"

ఉరుకుందు రెండడుగులు అవతలికి జరిగాడు. అంత కష్టపడి కాపాడిన మనిషి, తన కంపుకే చచ్చిపోతే బాగుండదు.