ఒకటి కలిపితే తెరుచుకున్న తాళం

నంద్యాల బస్టాండు వెనక వీధిలో అన్వర్‌ని కాల్చి చంపారు. విదేశీ ముఠా కబుర్లు మన గూఢచారి శాఖకు చేరవేస్తున్నది అతడేనని బయట ఎవరికీ తెలియదు. అతని పేరు ఆఫీసు కంప్యూటర్లో, తాళం వేసిన ఫైల్‌లో ఉంది.

"ఆ తాళం వేసింది నువ్వే కదా, శ్రీకాంత్?" అంది చీఫ్ లీలావతి.

"అవును మేడమ్. మూడొందల అంకెల సంఖ్య. రెండు ప్రైమ్ నంబర్లను గుణించి చేశాను. విడదీయడం ఎవరి తరమూ కాదు."

"ఒకటి కలిపి చూశావా?"

ఏజెంట్ శ్రీకాంత్ అప్పుడు కలిపి చూశాడు. అతను ఆళ్లగడ్డ శిల్పుల ఇంటి బిడ్డ. గుడి వాకిలికి ద్వారపాలకుల్ని జంటగా, ఒకే ఎత్తున చెక్కడం ఆ ఇంటి ఆచారం. ఆ ముచ్చటతోనే, రెండే తేడా ఉన్న జంట ప్రైమ్‌లను తాళానికి కాపలా పెట్టాడు. పదకొండునీ పదమూడునీ గుణిస్తే నూట నలభై మూడు. ఒకటి కలిపితే నూట నలభై నాలుగు, అంటే పన్నెండు పన్నెండ్లు. ఎంత పెద్ద జంటకైనా ఇదే వరస. వర్గమూలం తీస్తే మధ్య సంఖ్య దొరుకుతుంది, దానికి అటొకడు ఇటొకడు కాపలావాళ్లిద్దరూ పట్టుబడతారు. ఇంత చదివినవాడు ఆ మాత్రం చూసుకోలేదు!

పైగా ఈ ముచ్చటను క్యాంటీన్‌లో సలోమి మెచ్చుకోలు కోసం గొప్పగా చెప్పుకున్నాడు. నల్ల కళ్లద్దాల అందగత్తె సలోమి అటు ముఠా దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్ అని ఇప్పుడే తేలింది. అన్వర్‌ని తన చేతుల్తో చంపినట్టే అనిపించింది శ్రీకాంత్‌కి.

"ఫైల్‌లో ఇంకో పేరుంది," అంది లీలావతి. "అన్వర్ చెల్లెలు షమీమ్. ఆళ్లగడ్డలో టైలర్. సలోమి అటే బయల్దేరింది. కోడ్ వర్డ్ 'యాగంటి'. అది వింటే షమీమ్ నేలమీద పడుకుంటుంది. వెళ్లు."

ఒంటినిండా రాతిపొడి పూసుకుని, ఉలుల సంచి భుజాన వేసుకుని శ్రీకాంత్ టైలర్ షాపు మెట్లెక్కేసరికి సలోమి లోపలే ఉంది. పట్టుచీర, చేతిలో జాకెట్ గుడ్డ. గుడ్డ కింద సైలెన్సర్ పిస్టల్.

"యాగంటికి పోతాండాం పాపా, వస్తావా?" అని కేకేశాడు.

షమీమ్ నేలమీద పడింది. తూటా కుట్టుమిషన్‌కి తగిలింది. శ్రీకాంత్ వాచీ బటన్ నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మే వెలుగు. సలోమి తేరుకునేలోగా చేతులకు బేడీలు పడ్డాయి.

"నీ లెక్క మరీ సులువు శ్రీకాంత్," అని నవ్వుతూ జీపెక్కింది.

షమీమ్ గ్లాసులో టీ పోసింది. "దేవుడు పంపినట్లొచ్చినావన్నా. మా అన్నకు గూడా నీలాంటోడు అడ్డమొచ్చింటే బతికిండేటోడు."

చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. కానీ ఆ మెప్పు మింగుడు పడలేదు శ్రీకాంత్‌కి.

"మీ అన్న పేరు వాళ్లకు దొరికింది నా వల్లేమ్మా. తాళం నేనే తప్పుగా ఏసినా."

షమీమ్ అతని ముఖంలోకి చూడలేదు. గ్లాసును అతని వైపు జరిపింది.

"పోసినా గదా, తాగిపో," అంది. "మల్ల ఈడికి రాబాకు."

ఎన్నో దేశాలవాళ్లు కలిపిచ్చిన విషం నుంచి తప్పించుకున్న ఏజెంట్ శ్రీకాంత్, ఆ టీ మాత్రం చివరి చుక్కదాకా తాగాడు.