పద్నాలుగు నంబర్ బోల్టు

దడ! దడ! దడ!

షట్టర్ అదిరిపోతోంది.

"కాకా! తెరువు కాకా! నేను గీతను… ప్రేమ్‌సింగ్ చెల్లెను!"

షెడ్డు లోపల ఎల్లస్వామి షట్టర్ దగ్గరికి వస్తాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ రోజు. పట్టపగలు. కేసముద్రం మొత్తంలో ఒక్క దుకాణం తెరిచి లేదు. చౌరస్తాలో సారమ్మ మైకు పట్టి నడిపిస్తున్న వంటావార్పు… రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే బువ్వ. ఇప్పుడు మెకానిక్ షెడ్డు తెరిస్తే మనవాళ్లే తంతారు!

తన్నితే తన్నారు. షట్టర్ సగం లేపుతాడు.

ముందు పాత రాజ్‌దూత్ దూరుతుంది. దాన్ని నెట్టుకుంటూ గీత. వెనకాలే దినేశ్. ప్రేమ్‌సింగ్ దోస్తు, లారీ డ్రైవరు. ముగ్గురిదీ ఒకే తండా.

"షట్టర్ ఎయ్యి ఉస్తాద్! ఎవరిదో జీపు వెంటబడ్డది!"

దడాల్!

షెడ్డంతా చీకటి. సమ్మెతో భూపాలపల్లి బొగ్గు బాయిలు బంద్. కరెంటు లేక మూడు రోజులు. ఎల్లస్వామి టార్చి వెలిగిస్తాడు.

"ఏమైంది బిడ్డా?"

గీత రొప్పుతోంది. "జనగామ రోడ్డు మీద కొమురమ్మవ్వ సచ్చిపోయింది గద కాకా… వంటావార్పుల కూసున్నదాన్ని బొగ్గు లారీ తొక్కింది. అన్న ఫోన్ల వీడియో తీసిండు. డ్రైవరు మొకం సుత పడ్డదన్నడు… ఎవడో మాత్రం చెప్పలే!"

"మరి నీ అన్న బండే గుద్దిందని కేసు ఎట్ల పెట్టిండ్రు?"

"లారీ ఓనరు దొంగ సాక్షులను తెచ్చిండు. అదే రాత్రి అన్నను సావగొట్టి తండా బయట పడేసిండ్రు. ఇప్పుడు దవాఖానల ఉన్నడు… మంచం పక్కన పోలీసు!" ఆమె ముఖం తుడుచుకుంటుంది. "నిన్న ఒక్కపారి కండ్లు తెరిచిండు. 'బండి… ఇంజన్ ఎనక బోల్టు… కార్డు… ఎల్లస్వామి ఉస్తాద్' అన్నడు. మళ్ల కండ్లు మూసిండు."

"ఇంకెవరు విన్నరు?"

"నేను. దినేశన్న. అంతే."

వీడియో ఉన్న మెమరీ కార్డు దొరికితే ప్రేమ్‌సింగ్ బతుకుతాడు. లేకపోతే జైలు. రేపు పొద్దున బండిని పోలీసులు పట్టుకెళ్తారు. ఉన్నది ఈ రోజే!

"జల్ది ఉస్తాద్!" దినేశ్ షట్టర్ సందులోంచి బయటికి చూస్తున్నాడు.

ఎల్లస్వామి నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. ఆ బోల్టు ఆయనకు తెలుసు. ఇంజన్‌కీ ఫ్రేముకీ మధ్య, చెయ్యి పట్టని సందులో ఉంటుంది. దాని వెనక చిన్న ఇనుప పలక. పలక వెనక ఫ్రేము గొట్టం నోరు. బోల్టు విప్పితే పలక జరుగుతుంది.

పద్నాలుగు నంబర్ పానా లోపలికి పోనిస్తాడు. వేళ్లు రెండే పడుతున్నాయి. బలమంతా పెడతాడు.

కదలదు!

మళ్లీ. ఊహూఁ. జిగురు పెట్టి అంటించినట్టుంది.

"దీని తల్లి… గింత బిగుసుకున్నదేంది?"

టార్చి దగ్గరగా పెడతాడు. చూస్తాడు.

వేలితో తడుముతాడు.

బోల్టు మూలలు అరిగి ఉన్నాయి. తుప్పు మీద కొత్త గీతలు తళతళలాడుతున్నాయి. ఎవరో దీన్ని విప్పబోయారు… నిన్నో మొన్ననో. ఎడమవైపు తిప్పారు. అందరూ తిప్పేటట్టే!

కానీ ఇది అందరి బోల్టు కాదు.

రెండేళ్ల కింద ఇక్కడి బోల్టు అదురుకు పదేపదే ఊడిపోతుంటే ఎల్లస్వామే ఉల్టా త్రెడ్డు కోసి కొత్తది వేశాడు. ఇది కుడివైపు తిప్పితే ఊడుతుంది. ఎడమకు తిప్పితే బిగుస్తుంది. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. తనకు, దగ్గరుండి పని నేర్చుకున్న ప్రేమ్‌సింగ్‌కు.

మరి ఎడమకు తిప్పి బిగించింది ఎవరు?

"బిడ్డా… రాత్రి బండి ఎక్కడున్నది?"

"మా వాకిట్లనే కాకా. కుక్కలు ఒక్కతీరుగ మొరిగినయ్. లేచి చూస్తే ఎవ్వరు లేరు."

ఎల్లస్వామి టార్చి కొద్దిగా పక్కకు తిప్పుతాడు. వెలుగు దినేశ్ కుడిచేతి మీద పడుతుంది.

వేళ్ల కణుపులు నాలుగూ చెక్కుకుపోయి ఉన్నాయి! పానా జారితే తగిలే దెబ్బ. ముప్పయ్యేళ్లుగా తన చేతుల మీద చూసుకుంటున్న దెబ్బ.

"చేతికేమైంది దినేశ్?"

"ఆఁ… కిక్కు తన్నింది." చెయ్యి జేబులోకి పోతుంది. తేలు కుట్టిన దొంగ!

అమ్మ దినేశూ… నువ్వా!

"ఉస్తాద్, వెల్డింగు గ్యాస్ పెట్టు. కాలిస్తె అదే ఊడుతది."

"అన్నా! కార్డు కాలిపోదా?" గీత అరుస్తుంది.

"ఏం గాదు. నీకేం ఎరుక?"

ఎల్లస్వామికి భయం… నిజంగా భయం! కానీ చెయ్యి మాత్రం పానా మీదే ఉంది.

"ఆగుండ్రి. బండి జర పైకెత్తి పట్టు దినేశ్. రెండు చేతులతోని."

దినేశ్ ఎత్తి పడతాడు. తల వంచి చూస్తున్నాడు.

ఎల్లస్వామి బోల్టు తల మీద సుత్తితో టక్ టక్ కొడతాడు. పానా పెట్టి కుడికి లాగుతాడు.

"ఏయ్! బిగిస్తున్నవేంది ఉస్తాద్?"

"నువ్వు లారీ తోలు, నేను పానా తిప్పుత. మొండి బోల్టు విప్పాలంటే ముందు జరంత బిగియ్యాలె. ఏ మెకానిక్‌నన్న అడుగు!"

నిజమే, అది అందరూ చేసే పనే. దినేశ్ బండిని ఇంకాస్త పైకెత్తి పడతాడు.

టక్! టక్! లాగు. చెమట కంట్లో పడుతోంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ప్రేమ్‌సింగూ, జర సాయం పట్టు కొడుకా…

కిర్ర్…

కదిలింది!

ఆ చప్పుడు వినబడకుండా గట్టిగా దగ్గుతాడు. వేలితో తిప్పుతాడు. పలక జరుగుతుంది. గొట్టంలో పాలిథిన్ కాగితం చుట్టిన గోరంత ముక్క… గుడ్డలోకి జారుతుంది. పలక మూసి, బోల్టు మళ్లీ వేలితో ఎక్కిస్తాడు.

"ఊహూఁ. ఊడుత లేదు. బిడ్డా, గీ గుడ్డ చౌరస్తాల సారమ్మకాడికి తీస్కపో. గట్టిగ దులుపు, ఇనుప పొట్టున్నది. కిరసనాయిల్ల ముంచి తే."

"నేను పోత!" అంటాడు దినేశ్.

"నువ్వు పోతే బండి నా మీద పడ్తది. ఆడపిల్ల ఆపుతదా?"

గీత గుడ్డ అందుకుంటుంది. పరుగెత్తుతుంది. షట్టర్ కిందికి దిగుతుంది.

ఇద్దరే మిగిలారు.

బండి దబ్బున నేలకు దిగుతుంది. దినేశ్ చేతిలో తమంచా… నాటు పిస్తోలు!

"ఆమె వచ్చేలోపు గ్యాస్ పెట్టు."

"కార్డు కాలుతది రా."

"కాలనీ!"

"లారీ తోలింది నువ్వేనా?"

దినేశ్ తమంచా దించడు. "బ్రేక్ పడలే ఉస్తాద్! ఒట్టు, బ్రేక్ పడలే! అవ్వ పొయ్యి ముంగట్నే కూసున్నది…"

"బంద్‌ల లారీ ఎందుకు తీసినవ్? దోస్తును ఎందుకు కొట్టించినవ్?"

"ఓనరు మనుషులు కొట్టిండ్రు… నేను ఇల్లు చూపిచ్చిన, అంతే! గ్యాస్ పెట్టు!"

అంతే అట! ఎల్లస్వామి పళ్లు బిగబట్టి గ్యాస్ వెలిగిస్తాడు. నీలి మంట బుస్సుమంటుంది. తాపీగా కాలుస్తాడు. ఒక నిమిషం. రెండు. పరుగెత్తు బిడ్డా, పరుగెత్తు…

బోల్టు ఎర్రబడుతుంది. పట్కారుతో కుడికి తిప్పుతాడు. ఊడి నేల మీద పడుతుంది.

దినేశ్ ఊపిరి వదులుతాడు. వంగి గొట్టంలోకి చూస్తాడు. ముక్కు ఎగబీలుస్తాడు.

ఒక్కసారిగా ఆగిపోతాడు.

కాలిన ఇనుము వాసనే. ప్లాస్టిక్ కాలిన వాసన లేదు!

చూపు బోల్టు మీదికి పోతుంది… పానా మీదికి… కుడికి తిరిగిన ఆ చెయ్యి మీదికి.

"కుడికి తిప్పినవ్… కుడికి తిప్పి ఊడదీసినవ్! గుడ్డ! గా గుడ్డల…!"

తమంచా ఎల్లస్వామి ఛాతీకి తగులుతుంది.

అప్పుడే చౌరస్తాలో డప్పులు ఆగిపోతాయి. మైకులో సారమ్మ గొంతు ఖంగుమంటుంది.

"కొమురమ్మను తొక్కినోడు గీడే! ఫోన్ల మొకం సాఫ్ కనవడ్తాంది! దినేశ్! ఎల్లస్వామి షెడ్ల ఉన్నడట, పాండ్రి!"

వందల అడుగుల చప్పుడు. దగ్గరికి… ఇంకా దగ్గరికి…

"నీకెందుకు ఉస్తాద్ గిది? నీకేమైతడు వాడు?" దినేశ్ ఏడుస్తున్నాడు.

"నా దగ్గర పని నేర్సుకున్నోడు రా."

షట్టర్ పైకి లేస్తుంది. వెలుగులో గీత. వెనక రోడ్డు నిండా జనం.

"కాకా!"

ఢాం!!

ఎల్లస్వామి బండి పక్కన కూలబడతాడు. జనం దినేశ్ మీద పడతారు. గీత ఆయన తల ఒళ్లోకి తీసుకుంటుంది. చొక్కా తడుస్తోంది… నూనె కాదు.

"దవాఖానకు పోదాం కాకా! లే! అన్న బయటికొస్తడు!"

ఆయన పెదాలు కదులుతాయి. గీత చెవి ఆనిస్తుంది.

"పోయి చెప్పు వానికి… బోల్టు ఊడొచ్చిందని."