గాజుకు అటువైపు అమ్మ

పిల్లలు రాగిజావ తాగుతుండగా వకుళ ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని చూసుకుంటూ వచ్చింది. ఊరడిపట్టీల మీద చుక్కలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. చుక్క పసుపుకు తిరిగితే పట్టీ తనంతట తానే చర్మంలోకి సన్నటి చల్లదనం పంపుతుంది. ఏడుపు గొంతు దాకా రాకముందే దిగిపోతుంది. సముద్రం మీద తేలే ఈ పట్టణంలో, పిల్లల అంతస్తులో, గట్టిగా ఏడ్చిన పిల్లను చూసినవాళ్లు లేరు.

వీళ్ల అమ్మానాన్నలు సముద్రం అడుగున ఖనిజం తీసే పనిలో ఉన్నారు. ఒకసారి దిగితే ఋతువు మారేదాకా రారు. పైకి తెచ్చాక కూడా ఒంట్లో ఒత్తిడి తగ్గేవరకు ఇనుపగదిలోనే ఉండాలి. అన్నాళ్లూ పిల్లల్ని చూడాలంటే గాజు కిటికీలోంచే.

పెంచేవాళ్లూ ఋతువుకోసారి మారిపోతారు. పిల్లలు ఎవరికీ అలవాటు పడకూడదని నియమం. అత్త, పిన్ని లాంటి పిలుపులు కూడవు. వకుళ వంతు రేపటితో అయిపోతుంది. నాలుగేళ్ల జాబిలి మాత్రం అప్పుడప్పుడూ నోరుజారి "పిన్నీ" అనేది. వకుళ వినపడనట్టే ఉండేది. ఆ రోజంతా ఆ పిలుపును చెవిలో దాచుకుని తిరిగేది.

"ఇవాళ మా అమ్మ వచ్చిందంట కదా! ఎత్తుకుంటుందా?" అంది జాబిలి, మూతికంటిన జావ తుడుచుకోకుండానే.

"చూస్తుందమ్మా. ఎత్తుకోవడానికి ఇంకొన్నాళ్లు ఆగాలి."

పిల్ల కింది పెదవి వణికింది. చుక్క పసుపైంది, మళ్లీ పచ్చబడింది. జాబిలి గిన్నెలోకి తల వంచేసింది.

ఇనుపగదికి బయలుదేరుతుంటే సమీరా కూడా వెంటపడింది. ఆ పిల్ల నాన్న ఇంకా కిందే ఉన్నాడు. కాదనలేక వకుళ ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని నడిచింది.

గాజుకు అటువైపు జాబిలి అమ్మ నూకరత్నం అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే రెండు అరచేతులూ గాజుకు ఆనించింది. జాబిలి ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. కళ్లు నిండాయి, గడ్డం ముడుచుకుంది. అంతలో చుక్క పసుపైంది. మరుక్షణం ఆ ముఖం మీద ఏమీ మిగల్లేదు, తడిగుడ్డతో తుడిచిన పలకలా.

"అమ్మ" అంది జాబిలి, బొమ్మల పుస్తకంలో ఆవును చూపించి ఆవు అన్నట్టు. తర్వాత వంగి, నేలలోని మరమేకు ఒకటి గిల్లుతూ కూర్చుంది.

"నన్ను పోల్చుకోలేదా అండీ?" అంది నూకరత్నం. ఆ గదిలో పీల్చే హీలియం వాయువుతో గొంతు కీచుగా మారుతుంది కాబట్టి యంత్రం దాన్ని సరిచేసి బయటికి పంపుతోంది. "కింద చీకట్లో దీని ముఖమే తలుచుకుంటూ పనిచేశాను. నాకోసం ఒక్క కన్నీటి చుక్కైనా రాదేంటండీ దీనికి?"

వకుళకు జవాబు తెలుసు. మొన్నామధ్య సమీరా పట్టీ కాసేపు పాడైంది. పాలు ఒలికాయన్న చిన్న మాటకి ఆ పిల్ల ఒళ్లంతా వణికిపోయింది, వచ్చిన ఏడుపును ఏం చేసుకోవాలో తెలియక తన చెయ్యి తనే కొరుక్కుంది. పట్టీ ఏడుపును ఆపుతుంది. ఆపుకోవడం మాత్రం నేర్పదు.

వకుళ నేల మీద చతికిలబడి జాబిలిని ఒళ్లోకి లాక్కుంది. పట్టీ ఊడదీసింది.

ముందు ఏమీ కాలేదు. జాబిలి తలెత్తి గాజు వైపు చూసింది. ఆ తర్వాత వచ్చిన కేకకు ఇనుపగోడలు మోగాయి. "అమ్మా! రా! రా అమ్మా!" అంటూ గాజును పిడికిళ్లతో బాదింది, వకుళను తన్నింది, జుట్టు పీకింది. సమీరా గోడకు అతుక్కుపోయి చూస్తోంది. వకుళకు భయమేసింది. తప్పు చేశానేమో అనిపించింది. అయినా చేతులు వదల్లేదు.

"అమ్మ కావాలి కదూ నీకు. చాలా కావాలి. ఏడువమ్మా, నేనిక్కడే ఉన్నాను" అంటూ వీపు మీద మెల్లగా తట్టసాగింది.

పట్టీ ఊడిన జాడ తెలిసి కాపలా యంత్రం అధికారులకు కబురు పంపింది, గొంతు సరిచేసే యంత్రాన్ని ఆపేసింది. నూకరత్నం కీచుగొంతు ఉన్నదున్నట్టే బయటికొచ్చింది. "నా తల్లే, నా బంగారమే, నేనెక్కడికీ పోనే!"

జాబిలి వెక్కుతూనే ఆగి విన్నది. "అమ్మ గొంతు... పిల్లిపిల్లలా ఉంది" అంది.

నూకరత్నం కన్నీళ్లతోనే "మ్యావ్" అంది. ఏడుపులోంచే జాబిలికి నవ్వొచ్చింది. మళ్లీ ఏడ్చింది, ఈసారి కాస్త మెత్తగా. వకుళ గుండె మీద చెవి పెట్టి, ఆ ఊపిరితో పాటు తనూ ఊపిరి తీసుకుంది. చివరికి గాజు మీద అమ్మ చెయ్యి ఉన్నచోటే తన చెయ్యి పెట్టింది.

"నేను ఆగుతానమ్మా. నువ్వు వచ్చేదాకా ఆగుతాను."

తలుపు తెరుచుకుంది. అంతస్తు అధికారి దేవసహాయం కొత్త పట్టీ చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. జాబిలిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పట్టీ లేకుండా ఎలా ఆపావమ్మా?"

"నేను ఆపలేదండి. ఏడ్చింది. ఊరుకుంది."

"పై వాళ్లకు కబురు వెళ్లిపోయింది, వకుళా. సాయంత్రం పడవలో నిన్ను పంపించేస్తారు. ఇంకెక్కడా పిల్లల దగ్గర ఉండనివ్వరు. తెలుసా?"

"తెలుసండి" అంది వకుళ. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. జాబిలి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి, వీపు మీద మెల్లగా తట్టింది.

అప్పుడు సమీరా గోడ వదిలి ముందుకొచ్చింది. పట్టీ ఉన్న చెయ్యి చాపింది.

"నాక్కూడా తియ్యి పిన్నీ. మా నాన్న కోసం ఏడవాలి."

దేవసహాయం చేతిలోని పట్టీ వంక చూసుకున్నాడు.

వకుళ రెండో తొడ మీద చోటు చేసి, "రా తల్లీ" అంది.