ముప్ఫై ఆరు క్లిక్కులు

“ఈ తీరం మొత్తానికి మనకున్న రాడార్ ట్రక్కు ఒక్కటే, జ్యోతీ. ఆ ‘ఒక్కటే’ అన్నదే రహస్యం.”

బాపట్ల ఇంటెలిజెన్స్ ఆఫీసులో నాగజ్యోతిని కూర్చోనైనా కూర్చోనివ్వకుండా చీఫ్ నరసింహం చెప్పిన మాట అది. విదేశీ ముఠా ఒకటి తెనాలిలో ఫోటో స్టూడియో తెరిచింది. పైకి ప్రీ-వెడ్డింగ్ షూట్లు. లోపల జరిగేది వేరు. ఇవాళ రేపల్లె అవతల రొయ్యల చెరువుల మీద డ్రోన్ ఎగరేసి తీరమంతా ఒకే పనోరమాలో పట్టేస్తారు. ట్రక్కు ఒక్కటేనని తేలిందా, దాన్నీ అందులో ఉన్న ఐదుగురినీ పేల్చేసి, ఆయుధాల బోట్లు దించుతారు.

“డ్రోన్‌ని కూల్చేస్తే పోదా సార్?”

“కూలిస్తే మనకి తెలిసిపోయిందని గ్రహిస్తారు. రేపు ఇంకో దారిన వస్తారు. వాళ్ళ ముఠాలో ఉన్న లిఖిత మన మనిషే. ఇదిగో, చాలా ట్రక్కులున్నట్టు చేసిన దొంగ ఫోటో ఉన్న మెమరీ కార్డు. ఆమె దీన్ని డ్రోన్ కార్డుతో మార్చేస్తుంది.”

పదింటికల్లా నాగజ్యోతి బ్యూటీషియన్ వేషంలో చెరువు గట్టు మీదుంది. కాలు ఒకచోట నిలవడం లేదు. పెళ్ళికూతురిలా ముస్తాబైన లిఖిత మాత్రం వెన్నెల ముద్దలా ఉంది. కార్డు చేతిలో పెట్టగానే అటూ ఇటూ తిప్పి చూసి, చెరువులోకి గిరాటేసింది.

“సారీ అక్కా. అవతలివాళ్ళే నన్ను బాగా చూసుకుంటున్నారు.”

ఓసి నీ దుంపతెగ! లిఖిత నవ్వుతూ వెళ్ళి డ్రోన్ ఆపరేటర్ పక్కన నిలబడింది.

డ్రోన్ లేచింది. గాల్లో ఒక్కచోటే ఆగి, మెల్లగా చుట్టూ తిరుగుతూ, జూమ్ లెన్స్‌తో ముప్ఫై ఆరు ఫోటోలు తీసి ఒకే ఫోటోగా అతికిస్తుందది. మూడు నిమిషాల పని. రెండో క్లిక్కుకే ట్రక్కు ఫోటోలో పడిపోయింది. నాగజ్యోతికి ఏడుపొచ్చినంత పనైంది. పడింది చెరపలేం. కానీ ఇంకోసారి పడితే?

మేకప్ టెంట్‌లోకి దూరి ట్రక్కు డ్రైవర్ బర్నబాస్‌కి ఫోన్ కొట్టి సంగతి చెప్పింది.

“పారిపొమ్మంటారామ్మా?” అన్నాడతను.

“వద్దు బాబాయ్! డ్రోన్ కెమెరా మిమ్మల్ని దాటేసింది. దానికంటే ముందెళ్ళి ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడు. అక్కడ తీసేశాక కాలవ వంతెన దగ్గర.”

“ఇదేంటమ్మా, మూడుసార్లు ఫోటో దిగాలా?”

“ఒకే ఫోటోలో మూడుసార్లు. తోలు బాబాయ్!”

రాత్రి వానకి గట్లు తడిసి దుమ్ము లేవలేదు. సరుగుడు తోపుల చాటున ట్రక్కు ఎగిరెగిరి పడుతూ పరిగెత్తింది. పదిహేనో క్లిక్కుకి ఐసు ఫ్యాక్టరీ దగ్గరుంది. ముప్ఫై నాలుగు... ముప్ఫై ఐదు... నాగజ్యోతి టెంట్ సందులోంచి ఆపరేటర్ స్క్రీన్ మీదే కన్నేసింది. ఆఖరి క్లిక్కు పడే క్షణానికి వంతెన దగ్గర బ్రేకు పడింది.

స్క్రీన్ మీద లెక్కపెడుతున్న ఆపరేటర్ మొహం మాడిపోయింది. “మూడున్నాయే!”

ఫోటో అవతలివాళ్ళకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి చీఫ్ ఫోన్ చేశాడు.

“బోట్లు వెనక్కి తిరిగాయి.”

“లిఖితని పట్టుకోమంటారా సార్?”

“అప్పుడే వద్దు. మనమిచ్చింది దొంగదని, తను పంపింది అసలుదని నమ్ముతోంది. నాలుగు రోజులు నమ్మనీ.”

నాగజ్యోతి ఫోన్ పెట్టేసింది. రేపల్లె హోటల్లో బర్నబాస్‌కి ఎదురుగా కూర్చుని, ఇద్దరికీ రెండు భోజనాలు చెప్పింది.

బర్నబాస్ నొచ్చుకున్నాడు. “అదేంటమ్మా, శత్రువులు కూడా నన్ను ముగ్గురిగా లెక్కేశారు కదండీ!”