అరటిపండులో గోలీ

రాహేలమ్మ వంటింట్లో ఏ పని చేసినా తలుపులు బార్లా తీసే ఉంచుతుంది. ఒక్క పనికి మాత్రం దగ్గరగా వేసుకుంటుంది. అరటిపండు తొక్క సగం దాకా ఒలిచి, చెంచా కొనతో పండులో చిన్న గుంట చేసి, నలిపిన గోలీ పొడిని అందులో పోసి, పైన మళ్ళీ పండు మెత్తి, కాస్త బెల్లం తురుము అద్దుతుంది. తర్వాత తలుపు తీసి, "ఏంజెల్, బడి టైమయితుంది, పండు తిను రా" అని కేకేస్తుంది.

ఆ పండులో ఏముందో ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురికీ తెలుసు. ఏడేళ్ళ ఏంజెల్‌కు చెప్పలేదు. వీధికి అసలే తెలియదు.

ఆ రోజూ అలాగే పండు తయారుచేస్తుంటే కోడలు పుష్పలత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. అడవి శాఖలో బీట్ ఆఫీసర్ ఆమె. ఖాకీ చొక్కా వేసుకుని, తడి జుట్టు ముడి చుట్టుకుంటూ, గడప దగ్గరే నిలబడి మాట మొదలుపెట్టింది.

"అత్తమ్మా, నిన్న ఖమ్మం డాక్టరుతోని మాట్లాడిన. లెటర్ రాసిస్తనన్నడు."

"ఏం లెటరు?"

"ఏంజెల్ ఫిట్స్ గురించి. ఏం మందు వాడుతున్నం, ఎప్పటి నుంచి రాలేదు అని. బీమా కంపెనీ వాళ్ళకు పంపాలె."

రాహేలమ్మ చెంచా కింద పెట్టింది. "లేని రోగానికి లెటరెందుకు?"

పుష్పలత అత్త చేతిలోని పండు వైపు చూసింది. బండి తాళాలు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ములకలపల్లి నుంచి ఆమె బీట్ దాకా దారంతా అడవే. ఆలస్యమైతే ఎండ నెత్తికెక్కుతుంది.

పుష్పలతకు జర్మనీలో అడవుల మీద పై చదువుకు సీటు వచ్చింది, స్కాలర్‌షిప్‌తో సహా. ఆ ఉత్తరం వచ్చిన నాడు వీధంతటికీ లడ్డూలు పంచింది రాహేలమ్మే. మొగుణ్ణీ పిల్లనూ వెంట తీసుకుపోవచ్చని తెలిసినప్పుడు కొడుకు ప్రభుదాసును ఆట పట్టించిందీ ఆమే. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే షాపు అతనిది. "అక్కడ వంట నువ్వే చేయాల్సొస్తది బిడ్డా, ఇప్పటి నుంచే పప్పు తాలింపు నేర్చుకో" అంటే, అతను నిజంగానే రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

చిక్కు బీమా దగ్గర వచ్చింది. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు చదువుకునే మనిషి బీమా వరకే చూసుకుంటారు. భర్తకూ పిల్లకూ విడిగా తీసుకోవాలి, అది లేకపోతే వాళ్ళకు వీసా లేదు. పుష్పలత ఎంచుకున్న కంపెనీ ప్రతి మనిషికీ పాత జబ్బులు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ప్రభుదాసు గురించి రాయడానికేమీ లేదు. ఏంజెల్ దగ్గర పుష్పలత చెయ్యి ఆగింది.

ఏంజెల్‌కు నాలుగేళ్ళప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి, అన్నం తింటూ తింటూ. తర్వాత ఎన్నోసార్లు. ఖమ్మంలో పెద్ద డాక్టరు గోలీలు రాసి, తాను చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దన్నాడు. రాహేలమ్మ గోలీలతో పాటు ఉపవాస ప్రార్థనలు పట్టింది. పిల్లకు నయమైంది. భద్రాచలంలో జరిగిన పెద్ద ప్రార్థన కూడికలో రాహేలమ్మ వేదికెక్కి, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. నా మనవరాలిని దేవుడు ముట్టిండు, రోగం ఇల్లు విడిచి పోయింది అని ఆమె చెబుతుంటే పందిరంతా ఏడ్చింది. అప్పటి నుంచి ఎక్కడెక్కడి నుంచో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఆమె దగ్గరికి ప్రార్థనకు రావడం మొదలైంది. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసిన మనిషి, రిటైరయ్యాక ఇల్లు బోసిపోయిందనుకుంటున్న రోజులవి. మళ్ళీ వాకిట్లో చెప్పులు నిండాయి.

ఆ సాక్ష్యంలో గోలీల మాట లేదు.

సాయంత్రం భోజనాల దగ్గర ప్రభుదాసు మెల్లగా కదిపాడు. ఖమ్మంలో వీసా పనులు చూసే రాంబాబుతో ఫోన్లో మాట్లాడాడట. అందరూ ఏ జబ్బూ లేదనే పెడతారు, ఉందని రాస్తే పిల్లను వద్దంటారు, కోరి తలనొప్పి తెచ్చుకోవద్దు అన్నాడట రాంబాబు. ఆ మాట రాహేలమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"విన్నవా? ఆ పిలగాడు కూడ అదే అంటున్నడు," అంది కోడలితో.

"ఆయన అంటడు అత్తమ్మా. అక్కడ పిల్లకు ఫిట్స్ వస్తే దవాఖానాల నిలబడేది ఆయన కాదు గద. పాత కాగితాలు తీస్తరు, దాచిపెట్టినమని తెలుస్తది, బీమా రద్దు చేస్తరు. భాష రాని ఊర్ల, పిల్లను ఒళ్ళో పెట్టుకొని నేనేం చెయ్యాలె?"

"మళ్ళ ఎందుకొస్తది? నయమైందని నేను దేవుని ముందట చెప్పిన."

"మరి రోజూ ఆ పండుల మీరు పెట్టేదేంది?"

ప్రభుదాసు ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. వరండాలో ఏంజెల్ బొమ్మలతో మాట్లాడుకుంటోంది.

"పెద్ద డాక్టరు చెప్పిండు, మాట తీసెయ్యొద్దని పెడుతున్న," అంది రాహేలమ్మ. అన్న తర్వాత ఆ మాట తనకే అతికినట్టు అనిపించలేదు. దాంతో గొంతు పెంచింది. "నువ్వు ఉందని రాస్తే నేను చెప్పింది అబద్ధమైతది పుష్పా. దేవునికి నేను అబద్ధం అంటగట్టినట్టయితది. సంఘంల నా మొకం ఎక్కడ పెట్టుకోవాలె?"

"మీ మొకం సంగతి తర్వాత. నా బిడ్డ ప్రాణం సంగతి ముందు," అంది పుష్పలత. గొంతు ఏమాత్రం పెంచలేదు. "నిజమే రాస్త. కంపెనీ పిల్లను వద్దంటే నేను కూడ పోను. సీటు పోతే పోనియ్."

"ఇంత చదువుకు ఎదురు చూసి, చేతులార పోగొట్టుకుంటవా?"

"అవ్. పిల్లను అబద్ధం మీద మోసుకపోను."

రాహేలమ్మ కంచం తీసుకుని లేచిపోయింది. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. కూర తక్కువైతే ప్రభుదాసుతో చెప్పించేది, కోడలి వైపు చూసేది కాదు. పుష్పలత కూడా తగ్గలేదు. డాక్టరు లెటరు తెచ్చింది, బీమా వాళ్ళకు పంపేవన్నీ సిద్ధం చేసింది. పంపడం మాత్రం ఆపింది. అత్త ఒప్పుకోకుండా పంపితే గెలిచినట్టుంటుంది గానీ, వెళ్ళిన తర్వాత పిల్ల ఫోనులో నానమ్మ కోసం ఏడిస్తే ఆ గెలుపు ఎందుకూ పనికిరాదని ఆమెకు తెలుసు. ఈ సంగతి రాహేలమ్మతో చెప్పింది ప్రభుదాసు. రాహేలమ్మ విననట్టే చాటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది.

శనివారం పొద్దున దుర్గ వచ్చింది.

దుమ్ముగూడెం అవతల గోదావరి ఒడ్డు పల్లె ఆమెది. భద్రాచలం కూడికలో సాక్ష్యం విని, ఒకసారి కొడుకును తీసుకొచ్చి ప్రార్థన చేయించుకుపోయింది. వాడికీ ఫిట్స్ ఉండేవి. ఈసారి వాడి తలకు కట్టు ఉంది. కంటి పక్కన వాపు ఇంకా తగ్గలేదు. తల్లి భుజం మీద నుంచి రాహేలమ్మను చూసి నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

రాహేలమ్మ గాభరాపడి చాప వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఏమైందని అడిగితే దుర్గ మెల్లగా చెప్పుకొచ్చింది. బోరింగు దగ్గర ఆడుకుంటూ ఆడుకుంటూ పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. సిమెంటు గట్టు మీద పడ్డాడు. రక్తం చూసి ఊరంతా బెదిరిపోయింది. భద్రాచలం సర్కారు దవాఖానాలో కుట్లు వేసి కొన్నాళ్ళు ఉంచుకున్నారు. ప్రాణానికి భయం లేదన్నారు.

"మందులు వాడుతున్నవా?" అడిగింది రాహేలమ్మ.

"లేదమ్మా. మీ దగ్గర నుంచి పోయినంక ఆపేసిన."

లోపల గదిలో యూనిఫాం ఇస్త్రీ చేస్తున్న పుష్పలత చెయ్యి ఆగింది. ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి అక్కడే నిలబడింది. బయటికి రాలేదు.

దుర్గ కోపంగా లేదు. కోపంగా వచ్చి ఉంటే రాహేలమ్మ నిలబడి సమాధానం చెప్పేది, అది ఆమెకు చేతనవును. దుర్గ చేతులు కట్టుకుని, చాప అంచున ఒదిగి కూర్చుని అడిగింది.

"అమ్మా, మీరు మందులు లేకుండనే మీ పిల్లను బాగుచేసుకున్నరు. నేను కూడ గట్లనే ఆపి ప్రార్థన చేసిన. నా కొడుకుకు నయం కాకపాయె. నా నమ్మకం తక్కువున్నదా అమ్మా? నా వల్లనే వీడికి గిట్లయిందా?"

ములకలపల్లిలో సగం మంది పిల్లలకు పోలియో చుక్కలు వేసిన చెయ్యి రాహేలమ్మది. చుక్కలు వద్దని తలుపులు మూసుకున్న ఇళ్ళ ముందు గంటల తరబడి నిలబడి, తిట్లు తిని, తలుపులు తీయించిన మనిషి. ఒక్క పిల్లవాడిని కూడా వదిలేది కాదు. వేదిక మీద తాను అబద్ధం చెప్పలేదు. పిల్ల బాగైందని చెప్పింది, దేవుడు చేశాడని చెప్పింది, రెండూ నిజమే. చెప్పకుండా మింగిన ఒక్క మాట మాత్రం ఇప్పుడు ఈ పసివాడి తల మీద కట్టై కూర్చుంది. చేసింది తనైతే, నేరం తన మీద వేసుకుంటోంది ఈ అమాయకురాలు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. బెల్లం డబ్బా వెనక నుంచి గోలీల అట్ట తీసుకొచ్చి దుర్గ చేతిలో పెట్టింది.

"ఇది నా మనవరాలి మందు. ఒక్క పూట కూడ ఆపలే నేను. ఇయ్యాల పొద్దుగాల కూడ పెట్టిన."

దుర్గ అట్టను తిప్పి చూసింది. సగం గుంటలు ఖాళీగా ఉన్నాయి. ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళెత్తి చూసింది.

"మరి ఆనాడు చెప్పలేదేందమ్మా?"

"చెప్తే దేవుని మహిమ తగ్గుతదనుకున్న," అంది రాహేలమ్మ. మళ్ళీ తనే, "కాదు బిడ్డా. నా గొప్ప తగ్గుతదనుకున్న. నీ నమ్మకానికి ఏ తక్కువ లేదు. తక్కువ నా మాటల ఉండె" అంది.

దుర్గ పిల్లవాడిని గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ మోసిన బరువేదో దిగినట్టు, చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. రాహేలమ్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. పుష్పలత అప్పుడు బయటికి వచ్చి, పిల్లవాడి మందుల చీటీ అడిగి తీసుకుని చూసింది. దవాఖానా వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టమన్న గోలీలు ఇంకా కొనలేదని తెలిసి, ప్రభుదాసును బండి మీద మందుల షాపుకు పంపింది.

వాళ్ళు అన్నం తిని వెళ్ళాక, రాహేలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి ఎదురుగా నిలబడింది. ఎన్నో రోజుల తర్వాత సూటిగా కళ్ళలోకి చూసింది.

"రాయి పుష్పా. ఉన్నదని రాయి. రోజూ గోలీ వేసేది నానమ్మ అని కూడ రాయి."

"అంత అడగరు అత్తమ్మా," అంది పుష్పలత. నవ్వుతూనే ఆమె కళ్ళు నిండాయి. "నేనేదో మిమ్మల్ని తక్కువ చెయ్యాలని..."

"నువ్వు చెయ్యలే. ఆ దుర్గ వచ్చి నిలబడేదాక నాకు సోయి రాలే. పంపు జల్దీ, నా మనసు మారకముందే."

మనసు మారలేదు. మరునాడు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు రాహేలమ్మ ఎవరూ పిలవకుండానే లేచింది. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, బైబిలుతో పాటు గోలీల అట్ట కూడా చేత్తో పట్టుకుని ముందుకు నడిచింది. భద్రాచలంలో చెప్పిందే మళ్ళీ చెప్పింది, ఈసారి పూర్తిగా. దేవుడు డాక్టరు చేతిని కూడా వాడుకున్నాడని, ప్రార్థన చేసిన నోటితోనే మందు వద్దని ఎవరికీ చెప్పొద్దని, తన మాట విని ఎవరైనా మందు ఆపి ఉంటే ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టమని చెప్పింది. వెనక వరుసలో ఇద్దరు తల్లులు తలలు వంచుకున్నారు. పాస్టరు గారు వచ్చే కూడికలో కూడా ఈ సాక్ష్యమే చెప్పాలమ్మా అన్నారు. రాహేలమ్మ చెబుతానంది.

బీమా కంపెనీ వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. డాక్టరును ఇంకో లెటరు అడిగారు, పరీక్షల ఫలితాలు అడిగారు. ఆ వారాల్లో ఇంట్లో ఫోను మోగితే ముగ్గురూ ఒకేసారి లేచేవారు. చివరికి జవాబు వచ్చింది. ప్రీమియం కాస్త ఎక్కువ కట్టాలి, పిల్ల జబ్బుకు కూడా బీమా వర్తిస్తుంది. పుష్పలత ఆ జవాబును అడవిలో, ఇప్పచెట్టు కింద బండి ఆపి చదువుకుంది. మొదట ఫోను చేసింది మొగుడికి కాదు, అత్తకు.

ప్రయాణం దగ్గర పడుతుండగా ఒక పొద్దున రాహేలమ్మ వంటింటి తలుపు బార్లా తీసి ఏంజెల్‌ను పిలిచింది. రేపు అక్కడ తలుపు వేసుకుని పండు ఒలిచి పెట్టడానికి తాను ఉండదు. ఒక చేతిలో మంచినీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో గోలీ. దాన్ని పిల్ల అరచేతిలో పెట్టింది.

"ఇది నీ మందు రా తల్లీ. ఇన్నొద్దులు నీకు చెప్పలే. పండుల పెట్టి ఇచ్చిన."

ఏంజెల్ గోలీని చూసి, నానమ్మను చూసింది. "నాకు తెల్సు."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచో. పండు చేదుంటది గద నానమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు తలుపేసుకుంటవ్ గద. చెప్తే నీకు బాధయితదని," అంది ఏంజెల్. గోలీ నాలుక మీద వేసుకుని, తల వెనక్కి వంచి, నీళ్ళతో గుటుక్కున మింగేసింది. నోరు తెరిచి ఖాళీ నాలుక చూపించింది.

రాహేలమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏంజెల్ కంగారుగా తల ఎత్తి చూసింది. నానమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"పండేది మరి?" అంది ఏంజెల్.

"తిందువు రా, ఇయ్యాల తియ్యగ ఉంటది," అని రాహేలమ్మ గెలలోంచి ఒక పండు తెంపి, తొక్క కూడా ఒలవకుండా పిల్ల చేతికిచ్చింది.